బుస్సీకి జీతమిచ్చిందెవరు?

బొబ్బిలి కథలో బుస్సీ ఎప్పుడొస్తాడో మనకు తెలుసు. ఫిరంగులతో వస్తాడు, కోట కూలుస్తాడు, పోతాడు. ఆపైనంతా తాండ్ర పాపారాయుడి పౌరుషం, విజయరామరాజు పగ, ఏ కులానిది పైచెయ్యి అన్న రచ్చ. ఆ ఫ్రెంచివాడు అసలు అంతదూరం ఎందుకొచ్చాడని మాత్రం ఎవరూ అడగరు.

జీతాల కోసం వచ్చాడండీ.

1751లో ముజఫర్ జంగ్ కడప ప్రాంతంలో హతమైతే, అప్పటికప్పుడు సలాబత్ జంగ్‌ని గద్దెనెక్కించింది బుస్సీయే. ఆ గద్దె నిలబడాలంటే ఫ్రెంచి సైన్యం ఉండాలి, దాని ఖర్చు దక్కన్ ఖజానా భరించాలి. నగదు సరిగ్గా అందలేదు. 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను సైన్యం ఖర్చు కింద రాయించుకున్నాడు. ఇక గోదావరికి అటూ ఇటూ రైతు కట్టే శిస్తుతో, హైదరాబాదులో పాలకుడికి కాపలా కాసే (బందీగా ఉంచే అన్నా తప్పులేదు) సిపాయికి జీతం.

శిస్తు వసూలుకి విజయనగరం రాజు గుత్తేదారు. 1756లో సలాబత్ జంగ్ బుస్సీని కొలువులోంచి తీసేశాడు. చార్‌మహల్‌లో తిష్ఠవేసి, పోరాడి, మళ్ళీ పదవి తెచ్చుకున్నాడు కానీ ఈలోగా జమీందార్లు శిస్తు ఎగ్గొట్టారు. ఆ బాకీల కోసమే ఉత్తరానికి కదిలాడు. 1757 జనవరి 24న బొబ్బిలి. గుత్తేదారుకి పాత పగ ఉంది, యజమానికి గుత్తేదారు అవసరం ఉంది. ఇందులో పౌరుషం కోటలోపలి వాళ్ళది. బయటున్నది వసూళ్ళ లెక్క.

"బుస్సీ పెద్దమనిషే, దుబాసీ హైదర్ జంగ్ మోసం చేశాడు" అనే వాళ్ళంటే నాకు మరీ చిరాకు. బతికిన పిల్లవాణ్ణి కాపాడాడట! ఆడవాళ్ళు, పిల్లలు చచ్చాక మిగిలిన ఆ ఒక్కణ్ణి. తప్పు దుబాసీ మీదికి నెడితే దొర తెల్లగా మిగులుతాడు, ఆ ఏర్పాటూ తెల్లగానే మిగులుతుంది.

1758లో లాలీ వెనక్కి పిలిచాడు. 1760లో వందవాసి దగ్గర ఇంగ్లిషువాళ్ళకు చిక్కాడు. బాగా కూడబెట్టుకుని ఫ్రాన్స్ చేరాడు. 1783లో మళ్ళీ వచ్చి, 1785లో పాండిచ్చేరిలో పోయాడు.

ఆయన లెక్క మాత్రం పోలేదు. 1766కల్లా సర్కార్లు ఇంగ్లిషువాళ్ళవి. 1800లో నిజాం తన దగ్గరున్న ఇంగ్లిషు సైన్యం ఖర్చు కింద కడప, అనంతపురం, బళ్ళారి రాసిచ్చాడు. రాయలసీమ వాళ్ళు ఆ పత్రాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. సర్కారు జిల్లాల వాళ్ళం మాత్రం 1753 నాటి మన పత్రాన్ని వదిలేసి, పాపారాయుడి కత్తి పొడవు కొలుచుకుంటున్నాం.