డోసు సంగతి మనకెందుకు అనుకోకండి

పోయిన వేసవిలో మా తోడికోడలు నా దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. "అక్కా, రేడియో అయోడిన్ ఇస్తారట. డోసు ఎక్కువైతే జీవితాంతం మాత్ర మింగాలట. తక్కువ డోసు వెయ్యమని అడగమంటున్నారు అత్తయ్యగారు" అంది.

రెండేళ్ళుగా చూస్తున్నాం తన అవస్థ. ఎంత తిన్నా చిక్కిపోవడం, కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణకడం, గుండె దడ, మూడేళ్ళ పిల్లాడి మీద ఊరికే కేకలు. కోపిష్టిదన్నాం గానీ థైరాయిడ్ ఎక్కువైందని మాకు తట్టలేదు. మాత్రలు వాడినన్నాళ్ళు తగ్గి, మానగానే తిరగబెట్టింది.

ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. మాట్లాడిందంతా మా మరిదీ, డాక్టరుగారూను. జబ్బు పడ్డ మనిషి తలొంచుకుని కూర్చుంది. "డోసు ఎలా నిర్ణయిస్తారండీ?" అని నేనే అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు.

ఇది 1941లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన వైద్యం. థైరాయిడ్ గ్రంథి అయోడిన్ ఏదైనా లాక్కుంటుంది. రేడియో అయోడిన్‌నీ అలాగే లాక్కుంటే, దాని ధాటికి గ్రంథిలోని కణాలు నశిస్తాయి. గ్రంథి ఎంత పెద్దదో, 24 గంటల్లో ఎంత అయోడిన్ పట్టుకుంటుందో కొలిచి డోసు లెక్కకట్టడం ఒక పద్ధతి. లెక్కలు లేకుండా సాధారణంగా 10 నుంచి 15 మిల్లీక్యూరీలు ఇచ్చెయ్యడం ఇంకో పద్ధతి. లెక్కకట్టినా ఎవరి ఒంట్లో ఎంత పనిచేస్తుందో ముందే ఖాయంగా చెప్పలేరు. తక్కువైతే జబ్బు మిగిలిపోయి మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు. ఎక్కువైతే గ్రంథి పని ఆగిపోయి రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. తక్కువ డోసు తీసుకున్నవాళ్ళకి కూడా కొన్నేళ్ళకి ఆ మాత్ర తప్పకపోవచ్చు.

అందుకే మాత్ర భయం ఒక్కటే డోసుని నిర్ణయించకూడదంటాను. మందు తీసుకున్నాక కొన్నాళ్ళు పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోకూడదు, గర్భిణులకి దూరంగా ఉండాలి. కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. గుణం తెలియడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డోసు చాలకపోతే ఇదంతా మళ్ళీ మొదటినుంచి. ఆ భారం మోసేది ఎవరు? ఇరవై ఏళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్న మా అత్తయ్యగారికి కోడలి మాత్ర మాత్రం పెద్ద గండంలా కనిపించింది!

అలాగని అందరికీ పెద్ద డోసే మంచిదని నేననను. థైరాయిడ్ వల్ల కళ్ళు ఉబ్బినవాళ్ళకి ఈ మందుతో ఆ బాధ పెరగవచ్చు. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ అసలు ఇవ్వరు. ఎవరి పరిస్థితి వారిది. ఆ పరిస్థితి చెప్పాల్సింది మాత్రం మందు తీసుకునే మనిషే.

చివరికి మా తోడికోడలే నోరు విప్పింది. "నాకు ఇంకో బిడ్డ కావాలి డాక్టరుగారూ. మాత్ర వేసుకుంటాను. వీలైనంతవరకూ ఒక్కసారితో అయిపోయేలా చూడండి" అంది. ఆయన దానికి తగ్గట్టే ఇచ్చారు. పిల్లాణ్ణి అత్తయ్యగారి దగ్గర వదిలి, ఆ వారం మా ఇంట్లో వేరే గదిలో ఉంది. ఇప్పుడు పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని పనిలో పడుతుంది. చేతులు వణకడం లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందు రాస్తే, డోసు ఎంత, ఎందుకంత, చాలకపోతే ఏం చేస్తారు అని మూడు ప్రశ్నలు అడగండి. మొగుడో అత్తగారో అడిగేదాకా ఆగకండి.