అరుగు ఆక్రమణ కాదు

గండికోట జలాశయం ముంపు ఊళ్ల జనం ఇళ్లు కట్టుకున్న పునరావాస కాలనీల్లో నేను ముందుగా చూసేది ఇంటిని కాదు, గడప ముందు మురుగుకాల్వ మీద అరుగుగా పరిచిన నాపబండను. పొద్దు వాలితే దాని మీదే కూచుని అనపకాయలు ఒలుస్తారు, పెళ్లి సంబంధాలు, బోరు నీళ్ల గొడవలు మాట్లాడుకుంటారు. 2020లో ముంపు ఊరు తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయినప్పుడు గోడలకు ధర కట్టారు. ఇరుగుపొరుగుకు ఎవరు కడతారు? 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస ప్రాంతానికి రోడ్డు నుంచి శ్మశానం దాకా 25 వసతులు రాసి ఉన్నాయి. అందులో సముదాయ భవనం కూడా ఉంది. కానీ చేటలో అనపకాయలు పోసుకుని ఆ భవనానికి ఏ అవ్వా పోదు. అందుకే కాలనీ బాగుచేతకు డబ్బు వచ్చిన రోజున టేపు పట్టుకుని, ఆక్రమణ అంటూ బండలు తీయించడంతో పని మొదలుపెట్టకూడదంటాను. కాల్వ పూడిపోతుందన్న అభ్యంతరం సబబే. అయితే ఇద్దరు మనుషులు గడ్డపారతో బండను లేపి, పూడిక తీసి, మళ్లీ పరచగలరు. కాంక్రీటు మూత పోస్తే పగలగొట్టాల్సిందే. ఆ తేడా అక్కడ కాపురముండే వాళ్లకు తెలుసు. ఎక్కడ బండ, ఎక్కడ చెట్టు, ఎక్కడ కొళాయి అన్నది ఏ వీధికా వీధి కూచుని గీసుకోనివ్వండి. పని ముగిశాక ఆ వీధి ఆడవాళ్లు సంతకం పెట్టందే కాంట్రాక్టరు బిల్లు కదలకూడదు.