చుక్కలు మింటనే ఉండనివ్వండి, అక్షరాల కడుపులో కాదు

బడుల యాజమాన్యాలకూ, డీటీపీ షాపులవారికీ, తల్లిదండ్రులకూ

ఆగస్టు 23న ఒక బడి గేటుకు పదడుగుల ఫ్లెక్సీ కట్టారు. 2023లో చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన రోజది. ఏటా జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఫ్లెక్సీలో నీలాకాశం, రాకెట్టు, నవ్వే చందమామ. అన్నీ కుదిరాయి, అక్షరాలు తప్ప. పైన ఇంగ్లీషులో ‘మూన్’ అన్న మాటకు, రెండు ‘ఓ’లనూ నెలవంకలుగా మార్చిన సోకు ఫాంటు వాడారు. కింద తెలుగు దానికి జోడీగా కనబడాలని ఆపరేటర్ ప్రతి సున్ననూ నెలవంకలా కోసి, గుండ్రటి అక్షరం దొరికిన ప్రతిచోటా దాని కడుపులో ఒక బంగారు చుక్క అతికించాడు. ‘రోదసి సంబరం’ కాస్తా ‘ఠోదసి సఁబఠఁ’ అయి కూర్చుంది. మూడో తరగతి పిల్లవాడొకడు గేటు ముందు నిలబడి ‘ఠో... ఠో...’ అని కూడబలుక్కుంటుంటే పెద్దలు పకపకా నవ్వారు.

వాడు తప్పు చదవలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాడు.

తెలుగులో చుక్క అంటే నక్షత్రమూ అవుతుంది, బొట్టూ అవుతుంది. ఆకాశంలో ఒక చుక్క ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు. అక్షరంలో ఎక్కువైతే అది ఇంకో అక్షరం. ‘ర’ నడుమ చుక్క పెడితే ‘ఠ’. ‘ధ’ నడుమ పెడితే ‘థ’. అదే ఫ్లెక్సీ అడుగున ‘ప్రధానోపాధ్యాయులు’ వారు ‘ప్రథానోపాథ్యాయులు’గా వెలిశారు. ఒక్క మాటలో రెండు తప్పులు, అవీ బడి పెద్ద హోదాలోనే. అసలే ‘ప్రథమ’ను ‘ప్రధమ’ అని రాసే బోర్డులకు కొదవ లేదు. అక్కడ ఉండాల్సిన చుక్క ఉండదు, ఇక్కడ అక్కర్లేని చుక్క వచ్చి చేరింది.

సున్న సంగతి మరీ అన్యాయం. సగం కోసిన సున్నకు తెలుగులో ముందే ఒక పేరుంది: అరసున్న. పాత పుస్తకాల్లో ‘వాఁడు’, ‘నాఁడు’ అని కనబడేది అదే. నిండు సున్నను పలుకుతారు. అరసున్నను ఇప్పుడెవరూ పలకరు, వాడుక భాషలో రాయడం కూడా మానేశారు. కాబట్టి చంద్రుడి మీద మక్కువతో సున్నను నెలవంక చేసిన మనిషి ‘చంద్రుడు’ అన్న మాటలోని సున్ననే ఊడబెరికాడు. మిగిలింది ‘చఁద్రుడు’. ఇంగ్లీషు ‘ఓ’ లోపల చంద్రుణ్ణి పెట్టినా సూర్యుణ్ణి పెట్టినా అది ‘ఓ’గానే ఉంటుంది. ఆ వెసులుబాటు తెలుగు అక్షరానికి లేదు. పైగా తెలుగుకు కింది అంతస్తు కూడా ఉంది. ‘దినోత్సవం’లో ‘త’ కింద ‘స’ వత్తు, ‘రాష్ట్రం’లో ‘ష’కు ఏకంగా రెండు వత్తులు. ఆ ఫ్లెక్సీలో ఒక తోకచుక్క సరిగ్గా ఆ ‘స’ వత్తు మీదుగా దూసుకుపోయింది.

తప్పు ఆపరేటర్ ఒక్కడిదే అనుకుంటే పొరపాటు. అతనికి రాత్రి పదింటికి వాట్సాప్‌లో మేటర్ వస్తుంది, తెల్లారేసరికి ఫ్లెక్సీ కావాలంటారు. ప్రూఫు చూడాల్సినవారు బొమ్మ చూసి ‘సూపర్’ అని వేలెత్తి పంపేస్తారు. ఆ పంపినవారు పాఠాలు చెప్పేవారు. క్షౌరశాల బోర్డు మీద ఇలాంటిది కనబడితే నవ్వుకుని పోవచ్చు. అక్షరాలు దిద్దించే చోట కనబడితే దాన్ని అలంకారం అనకూడదు, పిల్లలకు తప్పు నేర్పడం అనాలి. డబ్బిచ్చి మరీ నేర్పిస్తున్నారు.

చంద్రుడి మీదికి నిజంగా వెళ్ళిన అక్షరాలు ఎలా ఉన్నాయో వీళ్ళు ఒకసారి చూడాలి. 1969 జూలైలో అపోలో-11 అక్కడ వదిలి వచ్చిన ఫలకం మీది రాత ఫ్యూచురా ఫాంటులో ఉంది. పాల్ రెన్నర్ రూపకల్పనలో 1927లో జర్మనీలో వెలువడిన ఫాంటు అది. నిటారు గీతలు, నిండు గుండ్రాలు. చుక్కా లేదు, వంకా లేదు.

అంతదూరం ఎందుకు, 1947 జూలైలో మొదలైన పిల్లల పత్రిక పేరే ‘చందమామ’. అందులో బొమ్మలు ఎంత వింతలోకంలోకి తీసుకుపోయినా, చదివే కథ మాత్రం తేటగా కనబడే మామూలు అచ్చులోనే ఉండేది. బాపు అక్షరాలు ఎన్ని వంపులు తిరిగినా ‘ర’ ‘ర’గానే ఉంది. పోస్టర్ల ఈశ్వర్ కాలంలో సినిమా పేరును కుంచెతో రాసేవారు, ఏ మాటకు ఆ మాట విడిగా. ఎక్కడ తలకట్టు సాగదీయవచ్చో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో వారికి తెలుసు.

పిల్లలకు రంగురంగులుగా ఉండాలి కదా అంటారు. ఉండనీండి, ఎవరు వద్దన్నారు? తెలుగులో సరదా ఫాంట్లు లేవన్నది మాత్రం తెలియక అనే మాట. ఏక్ టైప్ వారి ‘బాలూ తమ్ముడు’ బొద్దుగా, ముద్దుగా ఉంటుంది. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన ‘రవిప్రకాష్’, ‘లక్కిరెడ్డి’, ‘రామభద్ర’ ఉన్నాయి. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితం. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతున్నాయంటే టైప్ సెట్టింగుల్లో ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఎంచుకోలేదన్నమాట.

అలాగని ఆకాశం రంగు అంటిన తెలుగు ఫాంటు అక్కర్లేదని కాదు. కావాలి, తప్పకుండా కావాలి. తలకట్టు కొసన నక్షత్రం తగిలించవచ్చు. దీర్ఘాన్ని తోకచుక్కలా లాగవచ్చు. సున్నను నిండు పున్నమి చేయవచ్చు, దానికి కోత అవసరమే లేదు. చంద్రయాన్-3 ఎగిరింది శ్రీహరికోట నుంచి, అంటే తెలుగు నేల మీంచే. రెండు తెలుగు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలూ ఒక అక్షరశిల్పిని పిలిచి, డబ్బిచ్చి, ఇలాంటి ఫాంటు ఒక్కటి చేయించి వచ్చే ఆగస్టు 23 లోపు అందరికీ ఉచితంగా విడుదల చేయాలి. అప్పటిదాకా బడుల్లో నియమం ఒక్కటే ఉండాలి: నక్షత్రాలు వెనకున్న నీలంలోనే, అక్షరాల్లోకి రాకూడదు.

ఈ కాగితం అందినవారు ఒక పని చేయండి. ఫ్లెక్సీ అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫును ఒక మూడో తరగతి పిల్లవాడి చేతికిచ్చి పైకి చదవమనండి. వాడు ఆగిన చోట అలంకారం తీసేయించండి. గేటు మీది ఫ్లెక్సీని మాత్రం ఇంతవరకు ఎవరూ దించలేదు.