గురక గాఢనిద్రకు గుర్తు కాదు

"వాడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, లేపకండి" అన్న మాట మీరు ఇంట్లో ఎన్నోసార్లు వినే ఉంటారు. గురక వినిపిస్తే మనిషి ఒళ్లు మరచి హాయిగా నిద్రపోతున్నాడని మనవాళ్ల నమ్మకం. గురకపెట్టేవాడికి కుంభకర్ణుడని పేరు పెట్టి నవ్వుకోవడమూ మనకు అలవాటే. ఆ నమ్మకం సరికాదనీ, ఆ నవ్వు అంతకన్నా సరికాదనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, మీరే ఆలోచించండి.

ముందు ఈ చప్పుడు ఎలా పుడుతుందో చూద్దాం. నాలుకతో మీ నోటి పైకప్పును తడిమి చూడండి. ముందుభాగం గట్టిగా తగులుతుంది. అక్కడ ఎముక ఉంది. వెనక్కి పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. ఈ మెత్తని భాగమే మృదుతాలువు. దాని చివర వేలాడుతూ ఉండేది కొండనాలుక. ఆ వెనుక ఉన్న గొంతు భాగాన్ని గ్రసని అంటారు. ముక్కు నుంచి వచ్చే గాలి దీని గుండానే ఊపిరితిత్తులకు పోవాలి. శ్వాసనాళానికి మృదులాస్థి వలయాల ఆధారం ఉంది. గ్రసనికి అటువంటి ఆధారం లేదు. దాన్ని తెరిచి ఉంచేది ముఖ్యంగా కండరాల బిగువే. నిద్రలో ఆ బిగువు సడలుతుంది. దారి ఇరుకవుతుంది.

ఇప్పుడొక చిన్న ప్రయోగం. నోటుపుస్తకంలోని కాగితం నుంచి రెండు పొడవాటి ముక్కలు కత్తిరించి, వాటిని రెండు వేళ్ల ఎడంతో నోటి ముందు వేలాడదీయండి. మధ్యలోకి గట్టిగా ఊదండి. అవి విడిపోతాయని అనుకుంటాం కదా! విడిపోవు. దగ్గరకు వచ్చి రెపరెప కొట్టుకుంటాయి. ఇరుకైన గొంతులోనూ ఇటువంటిదే జరుగుతుంది. గాలి వేగం పెరిగినచోట పీడనం తగ్గి, మెత్తని గోడలు లోపలికి వస్తాయి. మృదుతాలువు, కొండనాలుక, కొన్నిసార్లు నాలుక మొదలు అదురుతాయి. ఆ అదురే గురక. అంటే గాలికి దారి చాలడం లేదని అర్థం.

దారి ఎందుకు ఇరుకవుతుంది? కారణాలు చాలా ఉన్నాయి. వెల్లకిల పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. జలుబు చేసినా, ముక్కు లోపలి అడ్డుగోడ వంకరగా ఉన్నా ముక్కు నుంచి గాలి సరిగా ఆడదు. ఒళ్లు లావైనవారిలో గొంతు చుట్టూ కొవ్వు చేరుతుంది. మద్యం, కొన్ని నిద్రమాత్రలు కండరాలను మరింత సడలిస్తాయి. పొగ తాగడం వల్ల గొంతు లోపలి పొర వాస్తుంది. మీ వయసువారిలో, మీకన్నా చిన్నవారిలో ముఖ్యంగా చూడవలసింది టాన్సిల్స్, ఎడినాయిడ్స్. టాన్సిల్స్ నోరు తెరిస్తే గొంతుకు రెండు పక్కలా కనిపిస్తాయి. ఎడినాయిడ్స్ ముక్కు వెనుక ఉంటాయి కనుక పైకి కనిపించవు. ఇవి బాగా పెరిగితే బక్కపలచని పిల్లవాడు కూడా గురకపెడతాడు.

జలుబుతో నాలుగు రోజులు గురక వస్తే కంగారుపడనక్కరలేదు. అసలు చిక్కు వేరే ఉంది. కొందరిలో గొంతు దారి ఇరుకు కావడమే కాక, కాసేపు పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. గురక ఠక్కున ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు మేల్కొని కండరాలను బిగిస్తుంది. అప్పుడు పెద్ద చప్పుడుతో ఊపిరి తిరిగి మొదలవుతుంది. పెద్దవారిలో ఇలా పది సెకన్లు, అంతకుమించి ఆగితే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. జబ్బు ముదిరినవారిలో ఇది గంటకు ముప్పైసార్లకు పైగా జరుగుతుంది. తెల్లవారాక ఆ మనిషికి ఇవేవీ గుర్తుండవు. "ఎనిమిది గంటలు పడుకున్నాను, అయినా నిద్ర తీరలేదు" అంటాడు. ఇటువంటివారికి ముక్కుపై తొడుగు పెట్టి, ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా చూసే పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ ప్రకటించాడు.

మరి పిల్లల సంగతి? నిద్ర చాలని పిల్లలందరూ కునికిపాట్లు పడరు. కొందరు కుదురుగా కూర్చోలేరు, ఊరికే విసుక్కుంటారు, చెప్పింది వినరు. పక్క తడిపేవారూ ఉంటారు. మనం వారికి సోమరి, అల్లరివాడు, మొద్దు అని పేర్లు పెడతాం. బెంచీ ఎక్కిస్తాం. ఊపిరి సరిగా ఆడని పిల్లవాడికి బెంచీ ఎక్కితే నిద్ర తీరుతుందా?

ఇది కొత్తగా తెలిసిన విషయం కూడా కాదు. కోపెన్‌హాగన్ వైద్యుడు విల్‌హెల్మ్ మేయర్ 1868లోనే ఎడినాయిడ్స్ పెరుగుదల గురించి వివరించాడు. పిల్లలు చదువులో వెనుకబడడానికి ముక్కు, గొంతులలోని అడ్డంకులు ఒక కారణం కావచ్చని లండన్ వైద్యుడు విలియం హిల్ 1889లో వ్రాశాడు. అయినా ఇన్నేళ్ల తరువాత కూడా మనం నవ్వుతూనే ఉన్నాం.

"పెద్దయితే అదే పోతుంది" అని ఇంట్లో పెద్దలు అంటారు. అందులో కొంత నిజం ఉంది. వయసు పెరిగేకొద్దీ ఎడినాయిడ్స్ చిన్నవవుతాయి. 2013లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న 5 నుంచి 9 ఏళ్ల పిల్లలను 464 మందిని పరిశీలించారు. ఆపరేషన్ చేయించుకున్నవారికి నిద్ర, ప్రవర్తన బాగా మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. ఆపరేషన్ లేకుండా ఏడు నెలలు కనిపెట్టి చూసినవారిలోనూ దాదాపు సగం మందికి నిద్ర పరీక్ష ఫలితాలు మామూలు స్థితికి వచ్చాయి. కనుక గురకపెట్టే ప్రతి పిల్లవాడికీ కత్తి అవసరం లేదు. కాని ఎవరికి అవసరమో, ఎవరికి అక్కరలేదో తేల్చవలసింది వైద్యుడు. "అదే పోతుందిలే" అని కూర్చుంటే ఆ తేల్చడం జరగదు. ఈలోగా పోయిన చదువుల ఏడాది తిరిగి రాదు.

విద్యార్థులారా, ఇందులో మీరు చేయగల పని ఒకటుంది. గురక తనకు తాను వినపడదు. వినగలిగింది పక్కన పడుకున్న తమ్ముడో, చెల్లెలో, హాస్టలులో తోటి విద్యార్థో మాత్రమే. అందుచేత మీ సాక్ష్యం విలువైనది. వారంలో మూడు రాత్రులు, అంతకన్నా ఎక్కువ గురక వస్తున్నదా? మధ్యలో ఊపిరి ఆగి, ఎగపీల్చినట్లు మళ్లీ మొదలవుతున్నదా? నోరు తెరుచుకునే పడుకుంటున్నారా? పొద్దున్న లేచేసరికి తలనొప్పి అంటున్నారా? చూసింది చూసినట్లు కాగితం మీద వ్రాసి ఇంట్లో పెద్దలకు గాని, వార్డెనుకు గాని చెప్పండి. చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించమనండి. పెద్దలకైనా అంతే. నాన్నగారు రాత్రి ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే, పగలు బండి నడుపుతూ కునుకుతుంటే, అది ఇంట్లో చెప్పుకుని నవ్వే సంగతి కాదు.

ముక్కు మూసి ఆటపట్టించకండి. మారుపేర్లు పెట్టకండి. తోటి ఉపాధ్యాయులకు కూడా నాదొక మనవి. మధ్యాహ్నం పాఠంలో పిల్లవాడు తూలితే కేకవేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, రాత్రి నీకు ఊపిరి సరిగా ఆడుతున్నదా?"