ఆ అమ్మాయికి ఒక స్టూలు వెయ్యండి

పోయిన భాగంలో హాస్టళ్ళ గురించి రాశాను. ఈ భాగం షాపింగ్ మాల్ గురించి. కులం గురించి రాసేదానికి మాల్‌తో ఏం పని అని మీలో కొందరికి అనిపిస్తుంది. పని ఉంది. చివరిదాకా చదవండి.

ముందుగా మాల్‌కి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేస్తాను. మా ఊరి కిరాణా కొట్టు దగ్గర మా నాయనమ్మ చిల్లర అరుగు మీద పెట్టి వెనక్కి జరగాలి. సరుకు పైనుంచి కొంగులో పడేది. పప్పు పుచ్చిందో లేదో చేత్తో తీసి చూసే హక్కు లేదు. ముట్టుకుంటే బస్తా మొత్తం మైల. అలాంటి ఇంటినుంచి వచ్చినదానికి సూపర్ మార్కెట్లో బుట్ట చేతికిచ్చి ‘మీకు కావలసింది మీరే తీసుకోండి’ అనడం ఎంత పెద్ద విషయమో కొందరికి ఎప్పటికీ అర్థం కాదు. కులం అడగరు. ధర అందరికీ ఒక్కటే, చీటీ మీద ఉంటుంది. మన జనం మాల్‌ని ఇష్టపడ్డారంటే అది ఏసీ కోసమే అనుకోకండి.

రాజ్యాంగం 15(2) తీసి చూడండి. కులం పేరుతో, మతం పేరుతో ఎవరినీ ఎక్కడెక్కడ అడ్డుకోకూడదో అక్కడ ఒక జాబితా ఉంది. అందులో మొదటి మాట దుకాణాలు. బావులూ చెరువులూ ఆ తర్వాతే. బాబాసాహెబ్‌కి డబ్బిచ్చి కూడా మనిషి కాలేకపోవడం అంటే ఏమిటో తెలుసు. 1917లో కొలంబియాలో చదివొచ్చి, బరోడాలో పార్శీ సత్రంలో అద్దె కట్టి దిగితే, కులం తెలిశాక కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అద్దె కట్టిన మనిషిని! 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన కక్ష వెనక కూడా ఒక సినిమా హాలుంది. టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోవాడికి తగిలింది. అంతే.

కాబట్టి ‘వినియోగదారుడే దేవుడు’ అని బోర్డు కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. దేవుడితో మన పాత లెక్క వేరు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడి దగ్గరికి గబ్బిలంతో చెప్పి పంపాల్సి వచ్చిందని జాషువా 1941లోనే రాశాడు. ఇప్పుడు కౌంటర్ ముందుకు రాగానే మనమే దేవుళ్ళమట!

ఏ దేవుడో చూద్దాం. నేను అరకు కొండల్లో డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్తాను. కొండదొర, వాల్మీకి, భగత, కోటియా, పోరజ, గదబ పిల్లలు. వాళ్ళ తల్లి ఒకామె ముక్కుకి మూడు పోగులు, చేతి మీద పచ్చబొట్టు, భుజాన సంచితో విశాఖలో బట్టల షోరూముకి పోయిందనుకోండి. సంచి గుమ్మం దగ్గరే పెట్టమంటారు. లోపలికి వెళ్ళాక ఒక అమ్మాయి రెండడుగుల వెనకే నడుస్తుంది. చెయ్యి చీర మీద వేస్తే ‘అది మీ రేటు కాదమ్మా, కింద సెక్షన్‌లో చూడండి’ అంటుంది. మా నాయనమ్మని ముట్టుకోనివ్వలేదు. ఈమెని ముట్టుకోనిస్తారు, కానీ చూపు మాత్రం వెంట పంపిస్తారు.

సరే, ఆ వెనక నడిచే అమ్మాయి ఎవరు? అక్కడికే వస్తున్నాను. ఆమె నా విద్యార్థిని. లేదా మీ వాడ పిల్ల.

ఏటా పరీక్షలయ్యాక, జాబ్ మేళాలయ్యాక, మా పిల్లలు కొందరు షోరూములకి దిగుతారు. పండక్కి వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని చెప్తారు. కూర్చుని అన్న మాట కావాలనే రాశాను. వాళ్ళు మొదట చెప్పేది కాళ్ళ గురించే. పొద్దున తొమ్మిదిన్నరకి నిలబడితే రాత్రి షట్టరు దించేదాకా. షోరూము నిండా మెత్తలు, సోఫాలు, కుర్చీలు, అన్నీ కొనేవాళ్ళకే. కస్టమర్ లేనప్పుడు గోడకి ఆనుకున్నా కెమెరాలో చూసి కేకేస్తారు. కూర్చుంటే ఫైను. బాత్రూముకి పోవాలన్నా ఫ్లోర్ మేనేజర్ని అడగాలి, అందుకని నీళ్ళు తాగడం మానేస్తారు. నెలసరి రోజుల్లో ఏం చేస్తారని అడిగితే ఒక పిల్ల తల దించుకుంది. దసరాకీ సంక్రాంతికీ సెలవుండదు. ఊరంతా కొత్త బట్టలు కట్టుకునే రోజుల్లో వీళ్ళు బట్టలు మడతపెడుతుంటారు. ఇంటికి పోయేటప్పుడు సంచులు, జేబులు వెతుకుతారు. ఆ తల్లి లోపలికి వచ్చేటప్పుడు దొంగ. ఈ పిల్ల బయటికి పోయేటప్పుడు దొంగ.

ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలన్నదీ ఒక లెక్కే. రంగు తక్కువైతే, తెలుగులో ఆదివాసీ ఒడియా యాస వినిపిస్తే, గోడౌన్‌కో పై అంతస్తుకో పంపుతారని పిల్లలు చెప్తారు. పట్టుచీరల దగ్గర, నగల దగ్గర వేరే మొహాలు కావాలట. ఏ మొహాలో విడమరచి చెప్పాలా?

ఇక టార్గెట్. సెక్షన్‌కి ఇంత, మనిషికి ఇంత అని పొద్దున్నే అంకె చెప్తారు. యాభై చీరలు విప్పించుకుని ఒక్కటీ కొనకుండా లేచిపోతే తిట్లు ఆ అమ్మాయికే. కదలని పాత సరుకు అమ్మితే పైన కొంత ఇస్తారు. దీని ఫలితం ఆలోచించండి. ఆ సరుకు ఎవరికి అంటగడుతుంది? కారులో వచ్చినావిడకి అంటగట్టలేదు, ఆవిడ ఎదురు ప్రశ్నలేస్తుంది. వద్దు అనడానికి మొహమాటపడే మనిషి కావాలి. ఇంతసేపు చూపించింది కదా పాపం, కొనకపోతే ఏమనుకుంటుందో అని సిగ్గుపడే మనిషి కావాలి. కొండ మీంచి దిగిన తల్లి కావాలి. అంటే మన బిడ్డ చేత మన తల్లినే ముంచడం. యజమాని తెర మీదకి రానక్కర్లేదు. తల్లి ఇంటికొచ్చి ‘ఆ పిల్ల మోసం చేసింది’ అంటుంది. పిల్ల హాస్టలుకొచ్చి ‘ఆ ముసలామె నా టార్గెట్ చెడగొట్టింది’ అంటుంది. తిట్లన్నీ మనలో మనకే సరిపోతాయి, లాభం పైకి పోతుంది.

ఈ కొండలకి ఈ వ్యాపారం కొత్తది కాదు. చింతపండు, పసుపు, అడ్డాకు, వలిసెలు కొనేటప్పుడు ఒక కొలత, ఉప్పూ బట్టా అమ్మేటప్పుడు ఇంకో కొలత పెట్టిన షావుకార్ల చరిత్ర ఇది. వాళ్ళ చేతుల్లోంచి గిరిజనుల్ని తప్పించడానికే 1956లో జీసీసీ పెట్టారు. అది సరిపోలేదు. అప్పు తీరక భూమి పోయింది, మనిషే పోయాడు. ఇదే తూర్పు కనుమల్లో శ్రీకాకుళం గిరిజనులు షావుకార్ల మీదా భూస్వాముల మీదా తిరగబడితే, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలని కాల్చి చంపారు. ఇక్కడ కొట్టంటే ఎప్పుడూ కొట్టు ఒక్కటే కాదు.

తెలుగు చదువుకున్నదాన్ని గనక ఒక మాట గురించి చెప్పాలి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లు వరసగా రాసింది. అందులో వెట్టి ఉంది, పాలేరు ఉంది, జీత కూడా ఉంది. ‘జీతం ఉండటం’ అంటే దొర ఇంట్లో బందీగా ఉండటమని మన పెద్దవాళ్ళకి తెలుసు. ఇవాళ అదే మాట నెల తిరిగితే బ్యాంకులో పడే డబ్బుకి వాడుతున్నాం. మాట మారినంత తేలిగ్గా పని మారిందా? హాస్టలు ఖర్చు, తిండి ఖర్చు, ఫైన్లు కోసుకుని మిగిలింది చేతిలో పెట్టి, మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు ఇవ్వం అంటే, దాన్ని నేను ఏ అర్థంలో జీతం అనాలి?

‘ఉద్యోగమిచ్చారు కదా, ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు’ అంటారు. పాలేరుతనానికీ ఇదే సమాధానం చెప్పారు: అన్నం పెట్టాం కదా. ఉద్యోగం వద్దని ఎవరన్నారు? మనుషుల్లా చెయ్యనివ్వమంటున్నాం. నిలబడటం ఆ పనికి అవసరమైతే ఒప్పుకుంటాను. కానీ కస్టమర్ లేని గంటసేపు ఎందుకు నిలబడాలి? కూర్చుంటే చీర రంగు వెలుస్తుందా? ఆ నిలబెట్టడం పని కోసం కాదు, ఎవరు ఎవరి ముందు నిలబడాలో గుర్తు చెయ్యడం కోసం. దొర వస్తుంటే మంచం మీంచి లేచి నిలబడ్డ మనకి ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

కూర్చోవడం కూడా పోరాడి తెచ్చుకున్న హక్కే. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటుండాలని చెప్పింది. షాపు అమ్మాయిలు ఎవరికీ గుర్తు రాలేదు. కోజికోడ్ మిఠాయి తెరువులో బట్టల షాపుల ఆడవాళ్ళు, పి.విజి అనే దర్జీ ముందుండగా, బాత్రూము కోసం, కుర్చీ కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు మార్చింది. ఆ తమిళనాడు షాపుల్లో పిల్లల బతుకు మీద వసంతబాలన్ తీసిన సినిమాని ‘షాపింగ్ మాల్’ పేరుతో మనం 2010లోనే చూసి ఏడ్చాం. ఏడ్చి, బయటికొచ్చి, ఆషాఢం సేల్‌కి పోయాం. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు రాశారు. మన దగ్గర ఏ షోరూములో కనిపించింది? ఈలోగా 2025 జూన్‌లో మన మంత్రివర్గం రోజు పనిగంటలు పదికి పెంచడానికి ఒప్పుకుంది. గంటలు పెంచడం గుర్తుంది, స్టూలు గుర్తు లేదు.

మా అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణంలో దర్జాగా కూర్చుంది. ఆ కాఫీ గింజ ఏరిన తల్లి కూతురికి విశాఖలో కూర్చునే చోటు లేదు.

ఏం చెయ్యాలి? ఐటీడీఏ అధికారులకి ఒక మాట. జాబ్ మేళాలో ఎంతమందికి ఉద్యోగాలు ఇప్పించామన్న లెక్కతో పని అయిపోదు. పనిగంటలు, వారం సెలవు, కోతలు, కూర్చునే చోటు, బాత్రూము — ఇవన్నీ కాగితం మీద రాసివ్వని కంపెనీని మేళాలోకి రానివ్వకండి. ఆర్నెల్ల తర్వాత ఆ పిల్లలు ఎలా ఉన్నారో వెళ్ళి చూడండి.

మనకి కొన్ని మాటలు. బిల్లు లేకుండా ఏదీ కొనకండి. ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023లోనే కేంద్రం చెప్పింది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూసి లోపమున్న సరుకు మోసుకుని వెనక్కి రాకండి. బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, దాన్ని తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పు. 1915కి ఫోన్ చెయ్యండి. నచ్చకపోతే వద్దని చెప్పడానికి సిగ్గుపడకండి. కానీ ఆ కోపం ఎదురుగా ఉన్న పిల్ల మీద చూపించకండి. ఆమె మీ వెనక నడుస్తున్నది తన ఇష్టంతో కాదు.

బిల్లు కట్టాక మేనేజర్ని పిలిచి ఒక్క ప్రశ్న అడగండి. గట్టిగా, పక్క కౌంటర్ వాళ్ళకి కూడా వినపడేలా: ‘ఈ అమ్మాయి కూర్చోడానికి స్టూలు ఎక్కడుంది?’

వాళ్ళు దేవుడన్నది మనల్నే కదా. ఆ ఒక్క వరం మనమే ఇప్పిద్దాం.

జై భీమ్.