శవపెట్టె ఏ వీధిలోకి వస్తుంది? (పేట నుంచి – 14)



కిందటి భాగంలో హాస్టల్ మెస్సు గురించి రాశాను. ఈసారి సినిమా హాలు.

2024 దీపావళికి వచ్చిన ‘అమరన్’ తెలుగు డబ్బింగ్‌ని కొవ్వూరులో ఫస్ట్ షో చూశాను. పక్క సీట్లో మా పెదనాన్న. డెబ్బైల్లో మద్రాస్ శాపర్లలో చేరి హవల్దారుగా రిటైరయ్యాడు. పేటలో పిల్లలు ఇప్పటికీ ‘మిలటరీ తాత’ అనే పిలుస్తారు. సినిమా అంటే అంత ఇష్టం లేని మనిషి. ఇది నిజంగా జరిగిన కథ అని చెబితే వచ్చాడు.

ముందే చెబుతున్నా, సినిమా బాగా తీశారు. బూట్ల చప్పుడు, వైర్‌లెస్‌లో మాటలు, ఇల్లు చుట్టుముట్టి గది గదీ వెతకడం, అంతా మన కళ్ళముందే జరుగుతున్నట్టుంది. మేజర్ ముకుంద్ వరదరాజన్ 2014 ఏప్రిల్ 25న కశ్మీర్‌లోని షోపియాన్ జిల్లాలో చనిపోయాడు. మరుసటి ఏడాది అశోక చక్ర ఇచ్చారు. చివర్లో ఆయన అసలు ఫొటోలు వేస్తే నేనూ ఏడ్చాను. దాచుకోను.

హాలంతా లేచింది. భారత్ మాతా కీ జై అని అరుపులు. పెదనాన్న మోకాళ్ళు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. వెనక నుంచి ఒక కుర్రాడు ‘పెద్దాయనా, లేవాలి’ అన్నాడు. పెదనాన్న ముందు సీటు పట్టుకుని మెల్లిగా లేచాడు. పదిహేడేళ్ళు దేశానికి గోతులు తవ్వి, వంతెనలు కట్టిన మనిషి ఒక్క మాట మాట్లాడలేదు.

బయట టీ తాగుతూ అడిగాను, ఎలా ఉందని.

‘తుపాకీ సరిగానే పట్టుకున్నాడ్రా. కానీ రోడ్డేసినోడు, మైన్లు తీసినోడు, వంట చేసినోడు ఎక్కడా కనపడలేదేంటి?’

నాలుగు రోజులు ఆ మాట వదల్లేదు నన్ను.

ఆ సినిమా చుట్టూ జరిగిన గొడవ గుర్తుందా? ముకుంద్ బ్రాహ్మణుడు, ఆ సంగతి ఎందుకు చూపించలేదని కొందరు నిలదీశారు. భారతీయుడిగా, తమిళుడిగా చూపిస్తే చాలని కుటుంబమే కోరిందని దర్శకుడు రాజ్‌కుమార్ పెరియసామి జవాబిచ్చాడు. దాంతో ఇంకో గుంపు బయల్దేరింది: ‘చూశారా, సైనికుడికి కులం లేదు!’

ఆ కుటుంబం కోరిక వాళ్ళ హక్కు. దాని మీద నాకు గౌరవమే. నా తగాదా ఆ రెండో గుంపుతో.

వాళ్ళకి వీర్ సింగ్ గురించి చెప్పాలి. సీఆర్పీఎఫ్ జవాను. 2016 జూన్ 25న కశ్మీర్‌లోని పాంపోర్ దగ్గర బస్సు మీద జరిగిన దాడిలో చనిపోయాడు. సొంతూరు ఉత్తరప్రదేశ్ ఫిరోజాబాద్ జిల్లాలో నగ్లా కేవల్. నట్ కులం. జెండా కప్పిన పెట్టె ఊరికొస్తే, ఊరి ఉమ్మడి స్థలంలో దహనం చెయ్యడానికి పైకులాల వాళ్ళు ఒప్పుకోలేదు. అధికారులొచ్చి బతిమాలాక పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు స్థలం ఇచ్చారు.

ఒకరి ఇంటివాళ్ళు కులం చెప్పొద్దంటే ఆ మాట చెల్లింది. ఇంకొకరి కులాన్ని ఎవరూ చెప్పనక్కర్లేదు, పెట్టె దిగకముందే ఊరికి తెలుసు. కులం వదిలేశానని చెప్పుకోవడం కూడా ఈ దేశంలో అందరికీ దొరికే సౌకర్యం కాదు మిత్రులారా. అది మనల్ని వదలాలి కదా ముందు!

సైన్యంలో కులం లేదట. మరి రాజ్‌పుత్ రెజిమెంటు, జాట్ రెజిమెంటు, డోగ్రా రెజిమెంటు పేర్లు ఏమిటి? రాష్ట్రపతి అంగరక్షక దళంలో జవాన్లుగా హిందూ జాట్లని, హిందూ రాజ్‌పుత్‌లని, జాట్ సిక్కులని మాత్రమే తీసుకునే పద్ధతి ఏమిటి? 2022లో అగ్నివీర్ దరఖాస్తుకి కుల ధ్రువీకరణ పత్రం ఎందుకని ప్రతిపక్షాలు అడిగితే, ఇది పాత పద్ధతేనని ప్రభుత్వం చెప్పింది. కులం రాసుకుంటారు, కులం పేరు మీద రెజిమెంట్లు ఉంటాయి. సైన్యంలో చేర్చుకునేటప్పుడు మాత్రం ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ లేదు. రిజర్వేషన్ మాట రాగానే ‘సైన్యంలో కులమేంటండీ’ అంటారు.

చరిత్ర తెలియని వాళ్ళకి ఇంకో ముక్క. కంపెనీ వాళ్ళ మద్రాసు సైన్యంలో మన తెలుగు మాలలు, తమిళ పరయాలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. తర్వాత లార్డ్ రాబర్ట్స్ లాంటి దొరలు ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుని, దక్షిణాది వాళ్ళు పోరాటానికి పనికిరారని తేల్చారు. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులో. తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. ఆ కాలంలోనే మహర్లకి సైన్యం తలుపులు మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు, యుద్ధం ముగిశాక 1946లో రద్దు చేశారు. చావడానికి మనుషులు తక్కువైతే మనం వీరులం. అవసరం తీరితే మళ్ళీ అంటరానోళ్ళం.

తెలుగులో ఎవరూ ప్రయత్నించలేదని అనను. 2015లో క్రిష్ ‘కంచె’ తీశాడు. ఒకపక్క ప్రపంచ యుద్ధం, ఇంకోపక్క ఊళ్ళో కులాల మధ్య కంచె. అయితే ఆ కంచె 1940ల నాటిది. చూసినవాడు ‘అప్పట్లో అలా ఉండేది పాపం’ అనుకుని ఇంటికెళ్ళొచ్చు. 2017లో మన పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితుల్ని వెలేశారు. 2022 మే 24న జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఇవి సెట్టింగులు వేసి తీసిన సీన్లు కావు. గోదావరికి ఇవతలా అవతలా మనం చూసినవే.

ఇప్పుడు గ్రౌండులో పరుగులు తీస్తున్న తమ్ముళ్ళకి ఒక మాట. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళ ఉద్యోగం, నూటికి డెబ్బై ఐదు మంది ఇంటికి, పెన్షన్ లేదు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. ఆ పెన్షన్ విలువ మా పేటకి తెలుసు. మా వాడలో మొదటి స్లాబు ఇల్లు పెదనాన్నదే. మా అక్క డిగ్రీ ఫీజు ఆ డబ్బుల్లోంచే కట్టాం. భూమి లేనివాడికి ఆ పెన్షనే అరెకరం. దాన్ని తీసేసి, తెర మీద మాత్రం సెల్యూట్ పెంచుతున్నారు.

కశ్మీరీల సంగతి కూడా ఒక్క మాట. సినిమాలో వాళ్ళు ఎక్కువగా తుపాకీ గురికి అవతలే కనపడతారు. ఎప్పుడూ అనుమానితుల్లా చూడబడే బాధ తెలిసిన మనం అది గమనించకపోతే తప్పు మనదే.

యుద్ధ సినిమాలు చూడొద్దని నేను అనడం లేదు. చూడండి, ఏడుపొస్తే ఏడవండి. బయటికొచ్చాక అడగండి: తూటా దెబ్బ ఇంత నిజంగా చూపించగలిగినవాళ్ళు, జవాను సెలవుకొచ్చి ఏ గ్లాసులో టీ తాగాడో ఎందుకు చూపించరు? 1970ల్లో యూనిఫాంలో వచ్చిన పెదనాన్నకి మా ఊరి హోటల్లో టీ పోసింది చూరులో దోపిన గ్లాసులో. తాగి, తనే కడిగి పెట్టాడు. ఈ సంగతి ఆ రాత్రి వరకూ నాకు చెప్పలేదు.

మా పేట శ్మశానానికి ఇవాళ్టికీ దారి లేదు. ఊడ్పుల కాలంలో శవాన్ని పొలం గట్ల మీదే మొయ్యాలి. అర్జీలు పెడుతూనే ఉన్నాం. ఇంటికెళ్తుంటే పెదనాన్న నవ్వుతూనే అన్నాడు: ‘నాకు జెండా కప్పకపోయినా పర్లేదురా. గట్టు మీద జారకుండా మొయ్యండి.’

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అందుకే మీకో పని. మీ పేటలో సైన్యంలో చేసిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఎప్పుడు చేరారు, ఏం పని చేశారు, సెలవుకొస్తే ఊరు ఎలా చూసింది, అన్నీ ఫోనులో రికార్డు చెయ్యండి. వాళ్ళుండగానే చెయ్యండి. మన జవాన్ల కథ సినిమావాళ్ళు తీసేదాకా ఆగితే చెప్పేవాళ్ళు మిగలరు.

వచ్చే భాగం ఆ శ్మశానం దారి అర్జీల గురించి.

జై భీమ్.