పక్షుల పంచాంగం

కళాశాల విహారయాత్ర అనగానే ముందుగా సెలవులు లెక్కించడం మనకు అలవాటు. పులికాట్ తీరానికి వెళ్ళదలచినప్పుడు మాత్రం పక్షుల పంచాంగమే చూడాలి. నేలపట్టు చెరువులో నీట నిలిచిన చెట్లపై గూడబాతులు అక్టోబరు నుండి మార్చి వరకు గూళ్ళు కట్టి పిల్లలను సాకుతాయి. వేసవి సెలవులలో వెళ్ళినవారికి ఖాళీ కొమ్మలే దర్శనమిస్తాయి. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారింది మనకే గాని పక్షులకు కాదు!

1976లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించక మునుపే ఆ గ్రామస్థులు వీటికి ఆశ్రయమిచ్చారు. రెట్టలు కలిసిన చెరువు నీటితో పొలాలు బాగా పండుతాయని వారి విశ్వాసం. రెట్టలలో నత్రజని, భాస్వరం ఉంటాయి కనుక అది వట్టి నమ్మకం కాదు.

2025 జనవరిలో సూళ్లూరుపేట ప్రాంతంలో పక్షుల పండుగ తిరిగి జరిగింది. పండుగ వద్దనను. అయితే పక్షులను నిదానంగా చూడగోరేవారు మరొక వారంలో, చిన్న బృందంగా, వేకువనే వెళ్ళడం మేలని నా అభిప్రాయం. బెదిరిన తల్లి గూడు విడిచి ఎగిరితే గుడ్లు, పసికూనలు ఎండకూ కాకులకూ చిక్కుతాయి. శ్రీహరికోట దారికి ఇరువైపులా లోతులేని నీటిలో మేసే ఫ్లెమింగోలను ఫొటో కోసం అదిలించడమంటే వాటి నోటికాడి కూడు తీయడమే.

ఇక తిమింగలాలు బంగాళాఖాతంలో ఉన్నమాట నిజమే. కాని ఒడ్డు నుండి అవి కనబడటం బహు అరుదు. యాత్రా ప్రకటనలో వాటి పేరు చేర్చి విద్యార్థులను ఆశపెట్టరాదు. రెండు బైనాక్యులర్లున్నా వంతులవారీగా చూడవచ్చు. పాటల పెట్టెను మాత్రం ఇంటివద్దనే ఉంచండి.